తూటా మందు: గరిటె నుంచి త్రాసు దాకా

గురి పోటీల మైదానంలో రైఫిలు పేల్చిన ప్రతిసారీ ఖాళీ అయిన ఇత్తడి గుల్ల ఒకటి మిగులుతుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చాలామంది ఆ గుల్లలను పారవేయరు. ఏరి, సంచిలో వేసుకొని ఇంటికి తీసుకుపోతారు. శుభ్రం చేసి, కొలతకు సరిదిద్ది, మళ్ళీ మందు నింపి, కొత్త గుండు బిగించి, ఇంకొకసారి పేలుస్తారు. ఇది వారికి వృత్తి కాదు. తపాలాబిళ్ళలు సేకరించేవారు, రేడియోలు విప్పి బిగించేవారు ఉన్నట్లే, వీరికి ఇదొక తీరిక వేళల వ్యాసంగం. ఇది ఆ దేశంలో నూటయాభై ఏళ్ళకు పైగా సాగుతూ వస్తున్నది.

తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. ఇత్తడి గుల్ల, దాని అడుగున నిప్పు పుట్టించే చిన్న క్యాపు, లోపల మందు, మూతివద్ద గుండు. పేలిస్తే మూడు భాగాలు ఖర్చయిపోతాయి, గుల్ల మిగులుతుంది. తూటా ధరలో పెద్ద వంతు ఆ గుల్లదే కనుక, దాన్ని తిరిగి వాడుకోవడం మొదట పొదుపు కోసమే ప్రారంభమైంది. తన రైఫిలుకు నప్పే తూటాను తానే కూర్చుకొంటే గురి బాగా కుదురుతుందన్న రెండవ కారణం తరువాత వచ్చి చేరింది. అయితే గుల్ల, క్యాపు, గుండు కంటికి కనబడేవి, చేతికి అందేవి. మందు కాలినప్పుడు పుట్టే పీడనం మాత్రం కంటికి కనబడదు. అది సెకనులో వెయ్యోవంతు రెండు వేల వంతుల కాలంలో పుట్టి, పెరిగి, అణగిపోతుంది. అది హద్దు మీరితే గొట్టం చీలుతుంది. పేల్చేవాని చెంప ఆ సమయంలో తుపాకి మడమకు ఆని ఉంటుంది. అందుచేత ఈ వ్యాసంగానికి ప్రాణమంతా “ఎంత మందు?” అన్న ప్రశ్నలోనే ఉంది.

పూర్వకాలంలో ఆ ప్రశ్నకు జవాబు సులభంగా ఉండేది. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసే నల్లమందే అప్పుడు ప్రపంచమంతటా వాడుకలో ఉండేది. మన కోస్తా తీరాన పులికాటులో 17వ శతాబ్దంలో డచ్చివారు నడిపిన మిల్లు తయారుచేసినదీ ఆ మందే. తుపాకి మూతినుంచి మందు పోసి, గుండు దిగగొట్టి, చెవివద్ద రంజకం వేసి పేల్చేవారు. ఆ రోజుల్లో తుపాకి పట్టిన ప్రతివాడూ తన తూటాను తానే తయారు చేసుకొన్నట్లే లెక్క. కొమ్ముతోనో రేకుతోనో చేసిన చిన్న గరిటె మందుకు కొలత. త్రాసు ఎవరికీ అవసరపడలేదు.

ఇందుకు కారణం నల్లమందు స్వభావమే. అది చాలావరకు తప్పును క్షమించే మందు. చుట్టూ పీడనం పెరిగినా దాని పలుకులు మండే వేగం అంతగా పెరగదు. పైగా కాలిన మందు బరువులో సగానికి మించి వాయువుగా మారదు, పొగగా మసిగా మిగిలిపోతుంది. ఈ సంగతిని నోబుల్, ఏబెల్ అనే ఇద్దరు బ్రిటిషు శాస్త్రజ్ఞులు 1870లలో మూసిన ఉక్కు పాత్రలలో మందు కాల్చి నిరూపించారు. గుల్లలో పట్టినంత నల్లమందు నింపినా, ఆ గుల్ల కోసమే చేసిన తుపాకి దాన్ని ఓర్చుకొనేది. గరిటెలో నాలుగు పలుకులు ఎక్కువైనా తక్కువైనా ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు.

తుపాకిమందు శక్తిని మొదటిసారి సరిగా కొలిచినవాడు బెంజమిన్ రాబిన్సు అనే ఆంగ్ల గణితవేత్త. 1742లో అచ్చయిన తన గ్రంథంలో ఆయన ఒక తేలికైన ఉపాయం వివరించాడు. బరువైన కొయ్య దిమ్మెను లోలకంలాగా వేలాడదీసి, గుండును దానిలోకి పేల్చాడు. దిమ్మె ఎంత దూరం ఊగిందో చూచి గుండు వేగం లెక్క కట్టాడు. అది సెకనుకు 1,600 అడుగులు దాటింది. అంత వేగంతో పోయే గుండును గాలి ఎంత గట్టిగా అడ్డగిస్తుందో కూడా అప్పుడే మొదటిసారి తేలింది. ఆయిలరు అంతటి గణితవేత్త 1745లో ఆ గ్రంథాన్ని వ్యాఖ్యలతో జర్మను భాషలోకి తెచ్చాడు. రాబిన్సు తరువాత ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా కోటల మరమ్మతుకు మద్రాసు తీరానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో మరణించాడు. ఆయన లోలకంతో కొలిచింది వేగాన్ని మాత్రమే. గొట్టం లోపలి పీడనాన్ని కొలిచే సాధనానికి ఇంకా నూరేళ్ళకు పైగా పట్టింది.

ఈలోగా తుపాకి మారింది. 1800లో హోవర్డు అనే ఆంగ్లేయుడు పాదరసపు ఫల్మినేటును వర్ణించాడు. దెబ్బ తగిలితే చాలు, భగ్గుమనే పదార్థమది. ఆ పరిశోధనలో ఆయనే గాయపడ్డాడు. స్కాట్లండులో ఫోర్సైతు అనే పాదరీకి పక్షుల వేట సరదా. రంజకం మెరుపు చూచి పక్షులు గుండు తగిలేలోపలే ఎగిరిపోతున్నాయని విసిగి, రంజకానికి బదులు ఇట్లాంటి పేలుడు పదార్థాన్ని సుత్తి దెబ్బతో మండించే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు పొందాడు. దానినుంచి రాగి క్యాపు వచ్చింది. చివరకు ఆ క్యాపు ఇత్తడి గుల్ల అడుగున చోటు సంపాదించుకొంది.

ఇక్కడ చరిత్ర ఒక చిత్రం చేసింది. 1866లో ఒకే ఏడాది రెండు రకాల క్యాపులకు పేటెంట్లు పుట్టాయి. ఒకటి ఇంగ్లండులో కర్నల్ బాక్సరుది, రెండవది అమెరికాలో బెర్డాన్ అనే సైన్యాధికారిది. బాక్సరు పద్ధతిలో గుల్ల అడుగున మధ్యగా ఒకే రంధ్రం ఉంటుంది. సన్నని ఊచను లోపలినుంచి దించి తడితే పాత క్యాపు ఊడి వస్తుంది. బెర్డాన్ పద్ధతిలో రంధ్రాలు పక్కగా ఉంటాయి, ఊచ దిగదు. ఆంగ్లేయుని పద్ధతి అమెరికాలో స్థిరపడింది, అమెరికావాని పద్ధతి ఐరోపా సైన్యాలలో స్థిరపడింది. ఇంట్లో తూటా నింపే వ్యాసంగం అమెరికాలోనే అంతగా వేళ్ళూనుకోవడానికి ఆ ఒక్క రంధ్రం కొంత కారణం అనక తప్పదు.

1870లలో అమెరికా మైదానాలలో అడవిదున్నలను వేటాడినవారు సీసం దిమ్మెలు, మందు పీపాలు బండ్లలో వేసుకొని పోయి, రాత్రిళ్ళు నెగడు ముందు కూర్చుని గుల్లలు నింపుకొనేవారు. ఆ వేట దున్నల జాతిని దాదాపు అంతరింపజేసిందన్నది మరొక విషాద చరిత్ర. అమెరికా సైన్యం కూడా గురి సాధన కోసం పటాలాలకు గుల్లలు నింపే పరికరాలు ఇచ్చింది. 1873 నాటి ఆ సైన్యపు తూటా పేరు 45–70–405. అంటే గుండు అడ్డుకొలత అంగుళంలో నూటికి 45 వంతులు, మందు 70 గ్రెయిన్లు, గుండు 405 గ్రెయిన్లు. గ్రెయిను అంటే ధాన్యపు గింజే. పౌనుకు 7,000 గ్రెయిన్లు. మన కంసాలి గురివింద గింజతో పోలిస్తే గింజకు సుమారు రెండు గ్రెయిన్లు తూగుతాయి. ఇట్లా ఎంత మందు వేయాలో తూటా పేరే చెప్పేది.

1884లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో జాన్ బార్లో అనే ఆయన ఐడియల్ కంపెనీ పెట్టి, అడకత్తెర వంటి చేతి పనిముట్టు ఒకటి అమ్మకానికి తెచ్చాడు. క్యాపు ఊడదీయడం, కొత్తది ఎక్కించడం, గుండు బిగించడం, అన్నీ దానితోనే సాధ్యమయ్యేవి. దానికి తోడు ఆయన చేతిపుస్తకాలు కూడా అచ్చువేశాడు. వాటిలోని పట్టికలు ముందుముందు పనిముట్టుకంటే విలువైనవి అయ్యాయి. ఆ మార్పుకు కారణం అదే సంవత్సరం పారిస్‌లో జరిగిన మరొక పని.

1884లో పాల్ వియేల్ అనే ఫ్రెంచి రసాయనవేత్త పొగలేని మందును సాధించాడు. దూదిని నత్రికామ్లంతో మార్చగా వచ్చే పదార్థాన్ని జిగురుగా చేసి, పలుచని రేకులుగా ఆరబెట్టాడు. నోబెల్ బాలిస్టైటు 1887లోను, ఇంగ్లండులో ఏబెల్, డ్యూయర్ల కార్డైటు 1889లోను వచ్చాయి. కార్డైటు కోసం 20వ శతాబ్దం ఆరంభంలో నీలగిరులలోని అరువంకాడులో ఒక కర్మాగారమే వెలసింది. కొత్త మందు దాదాపు పూర్తిగా వాయువుగా మారుతుంది. పొగ లేదు, మసి స్వల్పం. నల్లమందుతో సెకనుకు 1,300 అడుగుల చిల్లర వేగంతో పోయిన అమెరికా సైన్యపు గుండు, 1892 నాటి క్రాగ్ రైఫిలులో కొత్త మందుతో 2,000 అడుగులు అందుకొంది.

అయితే ఈ మందు తప్పును క్షమించదు. పీడనం పెరిగినకొద్దీ ఇది మండే వేగం కూడా పెరుగుతుంది. మంట పీడనాన్ని పెంచుతుంది, పీడనం మంటను పెంచుతుంది. మోతాదులో కొద్దిపాటి తేడా పీడనంలో చాలా పెద్ద తేడాగా తేలుతుంది. పైగా శక్తి ఎక్కువ కనుక కొద్ది మందే చాలు. గుల్లలో సగం ఖాళీ ఉన్నా మోతాదు పూర్తయినట్లే. అలవాటు కొద్దీ పాత గరిటె నిండా పోసినవాడు రెండు మూడు మోతాదులు పోసినట్లు అవుతుంది. తండ్రి తాతలనాటి గరిటెనే నమ్ముకొని వేళ్ళు, కళ్ళు పోగొట్టుకొన్నవారు ఆ కాలంలో ఉన్నారు. వారిది అజాగ్రత్త అనడం న్యాయం కాదు. వారు నేర్చుకొన్న పని సరియైనదే, వారికి తెలియకుండా పదార్థం మారిపోయింది.

మందు కంపెనీలు ఈ చిక్కును గ్రహించి ఒక రాజీ మార్గం వెతికాయి. కొన్ని పొగలేని మందులను గుల్లగా, తేలికగా తయారుచేసి, నల్లమందు గరిటెతోనే అంతే పోయవచ్చునని అమ్మాయి. వాటి పక్కనే గట్టి దినుసు మందులు కూడా అంగళ్ళలో ఉండేవి. వాటిని తూచి వాడక తప్పదు. డబ్బాలు రెండు, గరిటె ఒకటి. ఈ రాజీ అపాయాన్ని తగ్గించిందా పెంచిందా అని సందేహించక తప్పదు. తూటాల పేర్లూ గందరగోళాన్నే పెంచాయి. 1895లో వచ్చిన వించెస్టర్ 30–30 తూటాలోని రెండవ 30, పాత పద్ధతిలోనే మందు గ్రెయిన్లను చెప్పింది. కాని ఆ 30 గ్రెయిన్లు నాటి ఒక ప్రత్యేకమైన పొగలేని మందువి. పేరు నిలిచిపోయింది, మందులు మారుతూ పోయాయి.

పీడనాన్ని కొలిచే సాధనాలు అప్పటికే పుట్టి ఉన్నాయి. అమెరికా సైన్యంలోని రాడ్‌మన్ సుమారు 1860 నాటికే ఫిరంగి గోడకు రంధ్రం చేసి, అందులో కదిలే కడ్డీ చివర కత్తిమొన అమర్చి, అది రాగి పలకలో ఎంత లోతుగా దిగిందో చూచి పీడనం అంచనా కట్టాడు. నోబుల్ దానిని సవరించి, కత్తికి బదులు చిన్న రాగి స్తంభం పెట్టాడు. అది ఎంత నలిగితే పీడనం అంత. వందేళ్ళకు పైగా తూటా కర్మాగారాలకు ఆ నలిగిన రాగిముక్కే ప్రమాణం. 1926లో అమెరికా తూటా తయారీదారులు ఒక సంస్థగా ఏర్పడి ఉమ్మడి హద్దులు నిర్ణయించుకొన్నారు. కాని ఇంటి మేడమీద బల్ల వేసుకొని కూర్చున్నవానికి ఆ సాధనం అందదు. గొట్టానికి రంధ్రం చేస్తే తుపాకి చెడుతుంది. అందుకే అతడు కొలవలేని పీడనాన్ని, ఎక్కడో ప్రయోగశాలలో ఇతరులు కొలిచి పట్టికలో అచ్చువేసిన అంకెలతో నమ్మవలసి వచ్చింది. 1937లో ఫిలిప్ షార్ప్ ప్రచురించిన పెద్ద గ్రంథం ఆ నమ్మకానికి ఆధారమైన వాటిలో ఒకటి. అతని వంతు పని ఒక్కటే: పట్టికలో ఉన్న మందునే తీసుకొని, అన్ని గ్రెయిన్లే తూచడం. గ్రెయినులో పదవ వంతు పలికే చిన్న త్రాసు అతని బల్లమీద ముఖ్యమైన పరికరం అయింది.

ఇత్తడి గుల్లకు కూడా ఒక శాస్త్రం ఉంది. పాళ్ళు నూటికి 70 రాగి, 30 తుత్తునాగం. పేలిన ప్రతిసారీ అది సాగుతుంది, సరిదిద్దినప్పుడు కుదించుకొంటుంది, ఇట్లా గట్టిపడి పెళుసెక్కుతుంది. చెంబును కొట్టి కొట్టి గట్టిపడిన తరువాత కంచరి దాన్ని కొలిమిలో కాల్చి మెత్తబరచడం మన ఊళ్ళలో చూచినదే. గుల్ల మూతిని కూడా అట్లాగే కాల్చాలి. పాత క్యాపులలోని పాదరసం ఇత్తడిలోకి దిగి గుల్లను పెళుసు చేసేది. నల్లమందు మసి దాన్ని కొంత పీల్చుకొనేది కనుక పూర్వం ఆ కీడు అంతగా బయటపడలేదు. పొగలేని మందు వచ్చాక బయటపడింది. అమెరికా సైన్యం 19వ శతాబ్దం చివర పాదరసపు క్యాపులను విడిచిపెట్టింది. భారతదేశంలోని బ్రిటిషు సైన్యానికి ఇంకొక వింత ఎదురైంది. వానకాలంలో గుర్రపుశాలల దగ్గర నిలవ ఉంచిన తూటాలు, ఎవరూ ముట్టకుండానే పగుళ్ళు బారేవి. గుర్రాల మూత్రంనుంచి వెలువడే అమ్మోనియా, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి పగుళ్ళు తెస్తున్నాయని 1921లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఆ బిగువును కొద్దిపాటి వేడితో వదిలిస్తే పగుళ్ళు రావు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో పౌరులకు తూటాలు కరువయ్యాయి. 1943లో కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన, పేలిన చిన్న తూటాల రాగి గుల్లలనే సాగదీసి గుండ్లకు తొడుగులు చేసే అచ్చు కల్పించి, దానితోనే ఒక పరిశ్రమ నెలకొల్పాడు. యుద్ధం ముగిశాక కాన్సాస్‌లో బ్రూస్ హాడ్గ్‌డన్, ప్రభుత్వం వద్ద మిగిలిపోయిన సైనిక మందును కారుచౌకగా కొని వ్యాసంగీకులకు అమ్మాడు. నిలవకు పాత రైలుపెట్టె ఒకటి సంపాదించాడు. తరువాత ఆయన అమ్మిన ఒక మందు 20 మిల్లీమీటర్ల ఫిరంగుల కోసం చేసినది. దానికి రైఫిలు పట్టికలు అప్పటికి ఎక్కడా లేవు. జాగ్రత్తపరులు కొద్ది కొద్దిగా పెంచి చూచుకొంటూ పట్టికలను కొత్తగా తయారు చేయవలసి వచ్చింది.

1958లో విస్కాన్సిన్‌లో రిచర్డ్ లీ అనే యువకుడు చౌకగా ఒక చిన్న పనిముట్ల పెట్టె తెచ్చాడు. తరువాత వచ్చిన రైఫిలు పెట్టెలలో ఒక గరిటె ఉండేది. అరవై డెబ్భై ఏళ్ళ క్రితం ప్రాణాలమీదకు తెచ్చిన గరిటె మళ్ళీ ఎట్లా తిరిగి వచ్చింది? ఏ గరిటెకు ఏ మందు ఎన్ని గ్రెయిన్లు పడుతుందో ముందుగా తూచి, మోతాదును తక్కువ వైపుకే ఉంచి, పట్టిక వేసి దానితో జతచేశారు. ఈసారి గరిటె వెనుక త్రాసు ఉంది. 20వ శతాబ్దం చివరి భాగంలో గుండు వేగం కొలిచే ఎలక్ట్రానిక్ పరికరాలు ఇంటివారికీ అందుబాటులోకి వచ్చాయి. రాబిన్సు దిమ్మె చేసిన పనిని అవి నీడ పడడాన్ని బట్టి చేస్తాయి. ప్రయోగశాలలలో రాగిముక్క స్థానాన్ని పీడనానికి విద్యుత్తు పుట్టించే స్ఫటికాలు ఆక్రమించాయి. నలిగిన రాగి అసలు పీడనం కంటే తక్కువ చూపుతుందని అవి తేల్చాయి.

అమెరికాలో సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అక్కరలేదు. 1968 చట్టం ప్రకారం, అమ్మకానికి తయారుచేస్తే కావాలి. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.

అమెరికాలో అమ్మే పక్షివేట తూటాల పెట్టెలమీద నేటికీ “ఇన్ని డ్రాములకు సమానం” అని ఒక అంకె అచ్చువేస్తారు. డ్రాము అంటే 27 గ్రెయిన్ల పైచిలుకు. లోపల నల్లమందు ఒక్క పలుకు కూడా ఉండదు. అన్ని డ్రాముల నల్లమందు ఇచ్చే వేగాన్ని ఈ తూటా ఇస్తుందని మాత్రమే దాని అర్థం. అది మోతాదు కాదనీ, ఆ అంకె చూచి మందు తూచరాదనీ చేతిపుస్తకాలు కొత్తవారిని హెచ్చరిస్తాయి.