జేబు పుస్తకమూ, పెద్ద రిజిస్టరూ

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర రాసే చదువు నాకు లేదు. మనం రిటైరైన తర్వాత, మన కళ్లముందే జరిగిన ఒక చిన్న చరిత్ర రాస్తున్నాను. ఫోనులో యాప్, ట్యాబ్‌లో యాప్ ఒకటి కావు. ఎందుకు కావన్నదే విషయం. ఇది తెలియక నేనొక నెల పింఛను కోసం ఎదురుచూడవలసి వచ్చింది.

సంగతి ఇది. నా శ్రీమతికి కంటి ఆపరేషన్ అయ్యాక ఫోనులో అక్షరాలు ఆనడం లేదు. మా అబ్బాయి ఒక ట్యాబ్ కొని మనుబోలు తెచ్చి ఇచ్చాడు. ఇంత పెద్దది ఉండగా ఇక చిన్నదెందుకని, నా ఫోనును సిమ్‌తో సహా నెల్లూరులో చదువుకొంటున్న మనుమడికి ఇచ్చేశాను. లైఫ్ సర్టిఫికెట్ గడువు దగ్గరపడిన రోజుల్లో ట్యాబ్ ముందు కూర్చున్నాను. యాప్ తెరుచుకుంది, వివరాలు నింపాను, ఓ.టి.పి. అడిగింది. ఆ నంబరు వెళ్లింది మనుమడి జేబులోకి; వాడేమో క్లాసులో ఉన్నాడు. రెండు మూడు రోజులు అలాగే గడిచి గడువు దాటింది. ఆ నెల పింఛను పడలేదు. మందుల షాపులో అప్పు పెట్టవలసి వచ్చింది. తప్పు ఇంకెవరిదీ కాదు, నాదే. మరుసటి నెల బస్సెక్కి వెళ్లి స్వయంగా హాజరై సరిచేసుకున్నాను.

ఆ తర్వాత పట్టుబట్టి మనుమడి చేత చెప్పించుకుని, నేనూ చదివి తెలుసుకున్నది ఇది.

ఆపిల్ కంపెనీ వారి ఐఫోను 2007 జూన్‌లో అమ్మకానికి వచ్చింది. దాని తెర మూడున్నర అంగుళాలు. మొదట్లో బయటివారు తయారుచేసిన యాప్‌లు అందులో వేసుకునే వీలే లేదు. 2008 జూలైలో, అంటే నేను రిటైరైన సంవత్సరమే, యాప్‌ల అంగడి సుమారు 500 యాప్‌లతో తెరిచారు. అదే ఏడు గూగుల్ వారి ఆండ్రాయిడ్‌తో మొదటి ఫోను వచ్చింది. అప్పటి యాప్‌లన్నీ అరచేతి కొలతకు కుట్టిన చొక్కాలు.

2010 జనవరి 27న స్టీవ్ జాబ్స్ ఐప్యాడ్‌ను లోకానికి చూపించాడు. తెర 9.7 అంగుళాలు. ఫోను యాప్‌లు అందులోనూ నడిచేవి, కాని తెర మధ్యలో చిన్నగా కనిపించేవి. లేదా రెండింతలు సాగదీసి చూసుకోవాలి, అప్పుడు అక్షరాలు మసకబారేవి. పిల్లవాడి చొక్కా పెద్దవాడు తొడుక్కున్నట్లే.

మన ఆఫీసు భాషలో చెబుతాను. జేబు పుస్తకంలో ఒక్కొక్క పద్దు రాసుకుని పేజీ తిప్పుతాం. అడంగల్ అలా రాయగలమా? సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, పైరు, అన్నీ ఒకే వరుసలో కనబడాలి. అందుకు వెడల్పు కాగితం కావాలి. యాప్‌ల సంగతీ అంతే. ఫోనులో ముందు ఉత్తరాల జాబితా వస్తుంది; ఒకటి నొక్కితే జాబితా పోయి ఉత్తరం వస్తుంది. ట్యాబ్‌లో ఎడమ పక్క జాబితా, కుడి పక్క ఉత్తరం రెండూ ఉంటాయి. చక్కగా తయారుచేసిన యాప్ తెరవగానే తెర వెడల్పు తెలుసుకుని, దానికి తగిన అమరిక ఎంచుకుంటుంది. అలా తయారుచేయనిది ట్యాబ్‌లో ఉత్తగా సాగుతుంది.

గూగుల్ వారు 2011 ఫిబ్రవరిలో ట్యాబ్‌ల కోసమే ఆండ్రాయిడ్ 3.0 తెచ్చారు. అదే ఏడు అక్టోబరులో 4.0 తెచ్చి ఫోనుకూ ట్యాబ్‌కూ ఒకే ఏర్పాటు చేశారు. ఆ అక్టోబరు 5వ తేదీనే ఢిల్లీలో కేంద్రమంత్రి కపిల్ సిబల్ విద్యార్థుల కోసం "ఆకాశ్" ట్యాబ్‌ను విడుదల చేశారు. దానికి మన హైదరాబాదుతో సంబంధముంది, కూర్చింది అక్కడే. తెర ఏడు అంగుళాలు, కాని లోపల ఉన్నది ఫోనుల కోసం చేసిన ఆండ్రాయిడ్ 2.2. 256 మెగాబైట్ల జ్ఞాపకశక్తి, గట్టిగా నొక్కితేగాని పలకని తెర. చవకగా ఇవ్వాలన్న ఆశయం గొప్పదే గాని, పలక పెద్దదైనంత మాత్రాన పని పెద్దది కాదని ఆనాడే తేలింది.

సరైన పనికి వాడినచోట మాత్రం ట్యాబ్ రాణించింది. 2016లో మన రాష్ట్రంలో ఏ.ఎన్.ఎం.లకు "అన్మోల్" అనే యాప్‌తో ట్యాబ్‌లు ఇచ్చారు. గర్భిణుల, పసిపిల్లల వివరాలు రిజిస్టర్లకు బదులు అందులో ఎక్కిస్తారు. నెట్ లేని ఊరిలోనూ రాసుకుని, తర్వాత పైకి పంపవచ్చు. బరువైన రిజిస్టర్లు మోసిన మనకు దాని విలువ తెలుసు. 2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. అక్కడా పాఠం, బొమ్మ పెద్దగా కనబడటమే ప్రయోజనం.

ఇక నన్ను దెబ్బతీసిన రెండో తేడా తెర కొలత కాదు, సిమ్. ఫోను అంటే ఒక నంబరు, ఒక మనిషి. 2016లో వచ్చిన యు.పి.ఐ. ఉంది చూడండి, బ్యాంకు ఖాతాకు ఇచ్చిన నంబరు సిమ్ నుంచి ఎస్.ఎం.ఎస్. వెళితేనే యాప్ మనల్ని గుర్తిస్తుంది. నా వద్ద ఉన్నటువంటి సిమ్ లేని ట్యాబ్‌లో అది కుదరదు. వాట్సాప్ కూడా ఫోను నంబరు మీద పుట్టిందే. ఆండ్రాయిడ్ ట్యాబ్‌ను ఫోను ఖాతాకు జతచేసుకునే వీలు 2023లో కలిగింది, ఐప్యాడ్‌కు 2025 మే నెలలో. ఇంకో విచిత్రం వినండి. ఐప్యాడ్‌తో పాటు కంపెనీవారి కాలిక్యులేటర్ యాప్ 2024 వరకూ రాలేదు. పద్నాలుగేళ్లు! లెక్కలతో బతికిన గుమాస్తాలం, నవ్వక ఏంచేస్తాం?

2014 నవంబరులో జీవన్ ప్రమాణ్, 2021 నవంబరులో ముఖం చూపి ధ్రువీకరించే పద్ధతి వచ్చాయి. మంచానపడిన పింఛనుదారులకు అది వరమే. కాబట్టి నా విన్నపం ఒక్కటే. చదువుకు, వార్తలకు, మనుమల ముఖాలు పెద్దగా చూసుకోవడానికి ట్యాబ్ వాడండి. ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చిన నంబరు గల ఫోను మాత్రం మీ జేబులోనే ఉంచుకోండి. దానిని ఎంత ముద్దుల మనుమడికైనా ఇవ్వకండి.

మా ఇంట్లో ఇప్పుడు రెండూ ఉన్నాయి. శ్రీమతి ట్యాబ్‌లో పేపరు చదువుతుంది. ఆమె పక్కన నేను, నా జేబులో నా పాత ఫోను.