గని చూపించడానికి బస్సు

1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాక ఈ సింగరేణి బొగ్గు నేలకు జనం వచ్చింది పని కోసమే. గోదావరిఖనీ అలా పుట్టిన ఊరే. చుట్టుపక్కల పల్లెల్లో సాగు గిట్టుబాటు కాని కుటుంబాలు నెల జీతం, క్వార్టరు దొరుకుతాయని ఇక్కడికి చేరాయి.

చూడ్డానికి మాత్రం ఎవరూ రాలేదు. భద్రతా నియమాలు బయటివాళ్లను గని గేటు దగ్గరే ఆపేసేవి.

2022 డిసెంబరులో ఆర్టీసీ హైదరాబాద్ నుంచి ‘సింగరేణి దర్శన్’ బస్సు మొదలుపెట్టింది. భూగర్భ గని, ఓపెన్‌కాస్ట్, జైపూర్ విద్యుత్ కేంద్రం: ఇవే ఆ యాత్రలో దర్శనీయ స్థలాలు. గుడికీ జలపాతానికీ అలవాటుపడిన యాత్రికులను గని వైపు తిప్పాలనుకోవడం సాహసమే, మంచి సాహసం.

ఆ బస్సెక్కేవారు యంత్రాలను చూసి ఊరుకోకుండా, షిఫ్టు దిగి వచ్చే కార్మికుణ్ణి పలకరించాలి, అతని పని గురించి అడగాలి.