అట్ట ఫర్మా నుంచి గుండ్రటి కత్తి దాకా

గుడ్డముక్కలు అతికి కుట్టే రజాయిని అమెరికాలో క్విల్ట్ అంటారు. మన ఇండ్లల్లోని బొంత, గోదడీ కూడా ఆ ఖాందాన్‌లోవే. అక్కడ ఆ హునర్ ఒక తరం నుంచి ఇంకో తరానికి ఎట్లా నడిచిందో చూస్తే, పనిముట్టు మారితే యాద్‌దాష్త్ కూడా మారుతుందని అర్థమవుతుంది.

1928 నుంచి 1961 దాకా 'కాన్సస్ సిటీ స్టార్' అనే అఖ్బార్ క్విల్ట్ నమూనాలు అచ్చేసింది. ఔరతులు ఆ బొమ్మల్ని అట్టమీదికి ఎక్కించి ఫర్మాలు చేసుకునేవాళ్లు. ఫర్మాను గుడ్డమీద పెట్టి పెన్సిల్‌తో గీసి, కుట్టుకు పావు అంగుళం వదిలి, కైంచీతో ఒక్కో ముక్కా కత్తిరించేవాళ్లు. ఒక రజాయికి వందల ముక్కలు. మెహనత్ చాలా, సబర్ ఇంకా చాలా. కానీ ఓ ఖూబీ ఉంది: హిసాబ్ రాకపోయినా ఫరక్ పడదు. హిసాబంతా ఫర్మాలోనే ఉంటుంది. అమ్మ నుంచి బేటీకి అట్టముక్క అందితే నమూనా కూడా అందినట్టే.

1979లో జపాన్ కంపెనీ ఒల్ఫా రోటరీ కట్టర్ తెచ్చింది. పిడికి గుండ్రటి బ్లేడు. కింద చాప, పైన పారదర్శకమైన స్కేలు పెట్టి, నాలుగైదు మడతల గుడ్డను ఒక్క గీతలో కోసెయ్యొచ్చు. దినాల పని ఘంటల్లోకొచ్చింది. అయితే ఈ కత్తికి ఫర్మా అక్కర్లేదు, అంకె కావాలి. పాత నమూనాల్ని అంకెల్లోకి తర్జుమా చెయ్యాల్సి వచ్చింది.

మిసాల్‌కు 'బేర్స్ పా', అంటే ఎలుగుబంటి పంజా. అడ్డంగా 7, నిలువుగా 7 గళ్లు. 12 అంగుళాలను 7తో భాగిస్తే వచ్చే కొలత స్కేలుమీద ఎక్కడా దొరకదు. ఫర్మాకు ఆ ముసీబత్ లేదు, కట్టర్‌కు ఉంది. అందుకే దాన్ని 14 అంగుళాలకు పెంచుతారు. గడి 2 అంగుళాలవుతుంది. చదరానికి రెండు వైపులా కుట్టు కలిపి 2 1/2 అంగుళాలు కోయాలి. త్రికోణానికి మాత్రం 2 7/8 చదరం కోసి, మూలనుంచి మూలకు రెండు చేస్తారు. ఏటవాలు అంచుకూ కుట్టు వదలాలి కాబట్టి అసలు హిసాబ్ 0.854 అంగుళం అదనం. స్కేలుమీద దానికి పైన దొరికే గీత 7/8.

గీతల నమూనాలు ఇట్లా బతికిపోయాయి. వంపులున్న 'డ్రంకార్డ్స్ పాత్', రేకుల 'డ్రెస్డెన్ ప్లేట్' లాంటివి స్కేలుకు లొంగవు. వాటికి నేటికీ ఫర్మానే దిక్కు. కత్తికి లొంగిన వాటినే కుడుతూ పోతే, లొంగనివి మెల్లగా చేతుల్లోంచి జారిపోతాయి. తమ నామ్-నిషాన్ ఎక్కడా లేని ఎందరో ఔరతుల అక్ల్ ఆ అట్టముక్కల్లో ఉంది. అంకెలు నోటుబుక్కులో రాసుకునేవాళ్లు అదే పేజీలో ఆ ఫర్మానూ దాచుకోవాలి. అంకె తప్పిందేమో అని షక్ వచ్చిననాడు పక్కన పెట్టి చూసుకోవడానికి గవాహీ అదొక్కటే.