పురుషులలో టెస్టోస్టిరాన్ లోపం

టెస్టోస్టిరాన్ లోపం అనగా పురుషుల వృషణాలు తగినంత టెస్టోస్టిరాన్ హార్మోనును తయారు చేయలేని స్థితి. వైద్య పరిభాషలో దీనిని హైపోగొనాడిజం అంటారు. లైంగిక వాంఛ తగ్గటం దీని ముఖ్య లక్షణాలలో ఒకటి. అయితే వాంఛ తగ్గిన ప్రతి పురుషునిలోనూ ఈ లోపం ఉండదు. ఈ తేడా తెలియకపోవటం వలన అక్కరలేని మందులు వాడి నష్టపోయేవారు కొందరు, అసలు జబ్బుకు వైద్యం పొందక నష్టపోయేవారు మరికొందరు.

చరిత్ర

1849లో జర్మనీ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ బెర్తోల్డ్ కోడిపుంజులపై ఒక ప్రయోగం చేశాడు. వృషణాలు తొలగించిన పుంజులకు తలపై ఎర్రని జుట్టు కుంచించుకుపోయింది, పోట్లాడే గుణం పోయింది. వృషణాలను తిరిగి ఉదరంలో అమర్చిన పుంజులలో ఆ లక్షణాలు నిలిచాయి. వృషణాల నుండి ఏదో పదార్థం రక్తంలో కలుస్తున్నదని దీనివలన తెలిసింది. ఆ పదార్థాన్ని 1935లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఎర్నెస్ట్ లాకర్ బృందం వేరుచేసి, టెస్టోస్టిరాన్ అని పేరు పెట్టింది. అదే సంవత్సరం అడాల్ఫ్ బ్యూటెనాంట్, లియోపోల్డ్ రుజిచ్కా దీనిని వేర్వేరుగా కృత్రిమంగా తయారుచేశారు. వీరిద్దరూ 1939లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

శరీరంలో దీని పాత్ర

మెదడులోని హైపోథలమస్ పంపే సంకేతంతో పీయూష గ్రంథి ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అనే రెండు హార్మోనులను విడుదల చేస్తుంది. మొదటిది వృషణాలలోని లేడిగ్ కణాలచే టెస్టోస్టిరాన్ తయారు చేయిస్తుంది. రెండవది వీర్యకణాల ఉత్పత్తికి తోడ్పడుతుంది. రక్తంలో టెస్టోస్టిరాన్ ఎక్కువైతే మెదడు, పీయూష గ్రంథి తమ సంకేతాలను తగ్గిస్తాయి. మీసాలు, గడ్డం, గొంతు మార్పు, కండరాల బలం, ఎముకల గట్టిదనం, ఎర్ర రక్తకణాల ఉత్పత్తి, లైంగిక వాంఛ ఈ హార్మోనుపై ఆధారపడి ఉంటాయి.

కారణాలు

* వృషణాలలో లోపం: క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ (ఒక ఎక్స్ క్రోమోజోము అదనంగా ఉండటం), గవదబిళ్ళల వలన వృషణాలకు వాపు, గాయాలు, క్యాన్సర్ చికిత్స.
* మెదడు, పీయూష గ్రంథులలో లోపం: గ్రంథిలో కణితి, ప్రొలాక్టిన్ హార్మోను అధికం కావటం, పుట్టుకతో వచ్చే కాల్‌మన్ సిండ్రోమ్.
* ఇతర జబ్బులు, అలవాట్లు: ఊబకాయం, మధుమేహం, మితిమీరిన మద్యపానం, నిద్రలేమి, నల్లమందు జాతి మందులు, వ్యాయామశాలలలో కండల కోసం వాడే స్టిరాయిడ్లు.

వయసుతోపాటు ఈ హార్మోను ఏటా కొద్దికొద్దిగా తగ్గటం సహజం. స్త్రీలకు ముట్లుడిగినట్లు పురుషులలో ఇది ఒక్కసారిగా ఆగిపోదు.

మన ప్రాంతాలలో మధుమేహం, ఊబకాయం ప్రత్యేకంగా గమనించదగినవి. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రకటించబడిన సర్వే ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. పొట్టచుట్టూ చేరిన కొవ్వు కొంత టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. మధుమేహం రక్తనాళాలను, నరాలను కూడా దెబ్బతీస్తుంది కనుక, హార్మోను సరిగానే ఉన్నా అంగస్తంభన లోపం రావచ్చు.

కోస్తా జిల్లాలలో బోదకాలు వ్యాధి వలన వచ్చే వరిబీజాన్ని చాలామంది మగతనం పోవటంగా భావిస్తారు. వరిబీజం అనగా వృషణం చుట్టూ నీరు చేరటం. ఇది సంసార జీవితానికి అడ్డంకి కావచ్చు గాని, సాధారణంగా హార్మోనును తగ్గించదు. శస్త్రచికిత్సతో నయమవుతుంది.

లక్షణాలు

వాంఛ తగ్గటం, ఉదయంపూట సహజంగా కలిగే అంగస్తంభనలు తగ్గటం, గడ్డం పెరుగుదల మందగించటం, వృషణాలు చిన్నవి కావటం, రొమ్ములు పెరగటం, ఎముకలు పెళుసుబారటం, రక్తహీనత ముఖ్యమైనవి. నీరసం, చిరాకు, ఏకాగ్రత లోపం కూడా ఉండవచ్చు గాని, ఇవి ఇతర కారణాల వలన కూడా వస్తాయి. మానసిక కుంగుబాటు, దంపతుల మధ్య కలతలు, అప్పుల చింత, థైరాయిడ్ లోపం, కుంగుబాటుకూ రక్తపోటుకూ వాడే కొన్ని మందులు కూడా వాంఛను తగ్గిస్తాయి. అటువంటి మందులను రోగి తనంతట తాను మానరాదు. వైద్యుని అడిగి మార్పించుకోవాలి.

నిర్ధారణ

ఈ హార్మోను ఉదయం ఎక్కువగాను, సాయంత్రం తక్కువగాను ఉంటుంది. కనుక ఉదయం పరగడుపున, రెండు వేర్వేరు రోజులలో రక్తపరీక్ష చేయించాలి. డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువ ఉండి, లక్షణాలు కూడా ఉంటేనే లోపంగా పరిగణించటం వాడుక. ఈ హెచ్చుతగ్గులు నిద్రను అనుసరిస్తాయి. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నం ఓడరేవు, విద్యుత్ కేంద్రాల వంటి చోట్ల రాత్రి షిఫ్టు చేసేవారు నిద్ర లేచిన కొద్దిసేపటికి రక్తం ఇవ్వాలి. రాత్రంతా పనిచేసి వచ్చి ఇచ్చిన రక్తంలో ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. జ్వరం, ఇతర తీవ్ర అనారోగ్యం ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయించరాదు. లోపం ఉన్నదని తేలితే ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్., ప్రొలాక్టిన్ పరీక్షల వలన లోపం వృషణాలలోనా, పీయూష గ్రంథిలోనా అన్నది తెలుస్తుంది. చూపు మందగించటం, విడవని తలనొప్పి ఉంటే మెదడు స్కానింగు అవసరం కావచ్చు.

చికిత్స

ఊబకాయులలో బరువు తగ్గటం, మధుమేహాన్ని అదుపు చేయటం, చాలినంత నిద్ర, మద్యం మానటం మొదటి మెట్టు. వీటితోనే కొందరిలో హార్మోను పెరుగుతుంది.

నిర్ధారణ అయినవారికి ఇంజెక్షను లేదా చర్మంపై రాసే జెల్ రూపంలో టెస్టోస్టిరాన్ ఇస్తారు. 65 ఏళ్ళు దాటిన 790 మందిపై జరిగి 2016లో వెలువడిన అమెరికా పరిశోధనలో వాంఛ కొంత మెరుగుపడింది గాని, నీరసం చెప్పుకోదగినంత తగ్గలేదు. 5 వేల మందికి పైగా హృద్రోగులు, ఆ ముప్పు ఉన్నవారిపై జరిగి 2023లో వెలువడిన మరొక పరిశోధనలో గుండెపోటు, పక్షవాతం పెరగలేదు గాని, గుండె లయ తప్పటం, ఊపిరితిత్తులలో రక్తం గడ్డకట్టటం కొంత ఎక్కువగా కనిపించాయి.

ఈ చికిత్సలో గుర్తుంచుకోవలసినవి:

* బయటి నుండి ఇచ్చిన టెస్టోస్టిరాన్ పీయూష గ్రంథి సంకేతాలను ఆపుతుంది. దానితో వీర్యకణాలు బాగా తగ్గిపోతాయి. సంతానం కోరేవారు దీనిని వాడరాదు. వారికి వేరే చికిత్సలు ఉన్నాయి.
* ప్రోస్టేట్ క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి ఇవ్వరు.
* రక్తం చిక్కబడుతుంది. హెమటోక్రిట్ 54 శాతం దాటితే మందు ఆపవలసి ఉంటుంది.
* జెల్ రాసిన చోటు స్త్రీలకు, పిల్లలకు తగలకూడదు.

అపోహలు, ప్రకటనలు

తెలుగునాట ఈ సమస్యను 'నరాల బలహీనత' అనీ, 'ధాతు నష్టం' అనీ అంటారు. వీర్యం పోతే బలం పోతుందన్న భయంతో వచ్చే మానసిక స్థితికి 1960లో భారతీయ మనోవైద్యుడు ఎన్.ఎన్. విగ్ ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. ఇటువంటి సందేహాలకు విజయవాడ వైద్యుడు డాక్టర్ గోపరాజు సమరం వారపత్రికల ద్వారా, పుస్తకాల ద్వారా ఏళ్ళ తరబడి సమాధానాలు ఇచ్చాడు.

ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాలలో వాజీకరణం ఒకటి. పెన్నేరు గడ్డ (అశ్వగంధ)పై కొన్ని చిన్న పరిశోధనలు అనుకూలంగా వచ్చినా, లోపాన్ని నయం చేస్తుందనటానికి అవి చాలవు. గోడలపై ప్రకటనలు వేసి, లాడ్జీలలో మకాం పెట్టి అమ్మే పొడుల సంగతి వేరు. మూలికలు మాత్రమే అని చెప్పి అమ్మిన మందులలో సిల్డెనాఫిల్ కలిపినట్లు పలు దేశాల తనిఖీలలో బయటపడింది. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు అది తెలియక మింగితే రక్తపోటు పడిపోయి ప్రాణాపాయం కలుగుతుంది. లైంగిక శక్తిని పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వటాన్ని 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల (అభ్యంతరకర ప్రకటనల) చట్టం నిషేధించింది.

వైద్యుని ఎప్పుడు కలవాలి

వాంఛ తగ్గటం కొన్ని నెలలపాటు కొనసాగితే ముందుగా రక్తపోటు, రక్తంలో చక్కెర పరీక్షలు చేయించుకోవాలి. ఇవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోనే జరుగుతాయి. అంగస్తంభన లోపం కొందరిలో గుండెజబ్బుకు కొన్నేళ్ళ ముందుగా కనిపించే హెచ్చరిక. సిగ్గుపడి దాచిపెట్టటం వలన పోయేది సంసార సుఖం మాత్రమే కాదు, జబ్బును తొలిదశలో గుర్తించే అవకాశం కూడా.