నాలుగేసి అక్షరాల 'హలో, వరల్డ్'

సి భాష నేర్చుకునేవాళ్లు అన్నిటికంటే ముందు తెరమీదికి రప్పించే మాట 'హలో, వరల్డ్'. ఆ మాట పుట్టింది మాత్రం సిలో కాదు, దానికి ముందున్న బి భాషలో.

బి భాషను తయారుచేసింది అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన కెన్ థాంప్సన్. 1970ల మొదట్లో దాన్ని తోటివాళ్లకు నేర్పడానికి బ్రయన్ కెర్నిఘన్ ఒక చిన్న పాఠం రాశాడు. బిలో డేటా రకాలు లేవు, అంతా యంత్రపు 'వర్డ్' లెక్కే. ఆ పాఠం రాసిన యంత్రంలో ఒక్కో వర్డ్‌లో నాలుగు అక్షరాలు పట్టేవి. 'హలో, వరల్డ్' ఇంగ్లిషులో కామా, ఖాళీ కలిపి సరిగ్గా పన్నెండు. కెర్నిఘన్ దాన్ని నాలుగేసి చొప్పున విడగొట్టి ఎ, బి, సి అనే మూడు వేరియబుల్స్‌లో పెట్టి, పుట్‌చార్ అనే ఫంక్షన్‌తో ఒక్కొక్కటే అచ్చువేయించాడు. ఆశ్చర్యార్థకానికీ, కొత్త లైనుకూ నాలుగోసారి పుట్‌చార్. ఎక్స్‌టర్నల్ వేరియబుల్స్ ఎలా పనిచేస్తాయో చూపడమే అక్కడ ఉద్దేశం.

ఆ మాటే ఎందుకంటే, గుడ్డులోంచి బయటికొచ్చిన కోడిపిల్ల 'హలో వరల్డ్' అంటున్న కార్టూన్ చూసిన గుర్తుందని తర్వాతెప్పుడో ఆయన చెప్పాడు.

అదే రోజుల్లో ల్యాబ్‌కు పీడీపీ-11 కంప్యూటర్ వచ్చింది. అందులో మెమరీకి బైటు బైటుకూ చిరునామా ఉంటుంది. వర్డ్ తప్ప మరొకటి తెలియని బి దానిమీద ఇబ్బంది పడింది. అదే ల్యాబ్‌లోని డెనిస్ రిచీ బికి 'చార్' వంటి రకాలు చేరుస్తూ పోయాడు. అలా పెరిగిందే సి. 1973లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌నే అందులో తిరగరాశారు.

1974లో కెర్నిఘన్ సి మీద రాసిన పాఠంలో ఆ పలకరింపు ప్రింట్‌ఎఫ్‌తో ఒక్క లైనులో ఇమిడింది. 1978లో రిచీతో కలిసి రాసిన పుస్తకంలో అదే మొదటి ప్రోగ్రాం. నా దృష్టిలో ఆ పుస్తకం గొప్పతనం ఈ ఎంపికలోనే ఉంది. ప్రోగ్రాంను ఫైల్లో రాయడం, కంపైల్ చేయడం, నడపడం, జవాబు ఎక్కడ వచ్చిందో వెతుక్కోవడం కొత్తవాళ్లకు అసలు కష్టం. లెక్కలేవీ అడ్డం రాని ప్రోగ్రాం అయితే ఆ కష్టం ఒక్కటే మిగులుతుంది.

1988లో వచ్చిన రెండో ముద్రణలో పైన ఇన్‌క్లూడ్ లైను చేరింది. 1999 ప్రమాణంతో మెయిన్ ముందు 'ఇంట్' రాయడం తప్పనిసరైంది. టర్బో సి రోజుల్లో మన కాలేజీ ల్యాబుల్లో అలవాటైన 'వాయిడ్ మెయిన్' మాత్రం ఆ పుస్తకంలోని మొదటి ప్రోగ్రాంలో ఏ ముద్రణలోనూ లేదు.