అంబేడ్కర్: నదీజలాల న్యాయవాది (1942–1946)

అంబేడ్కర్ అనగానే మనకు ఆర్టికల్ 32, పూనా ఒప్పందం, మహద్ సత్యాగ్రహం గుర్తొస్తాయి. (1927 నాటి మహద్ కూడా చెరువు నీటి హక్కు కోసమే జరిగిందని మరవకండి.) 1942 జులై నుంచి 1946 వరకు ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడు. ఇది మన నోట్సులో ఒక్క లైనుగానే ఉంటుంది. నీటిపారుదల, విద్యుత్ కూడా ఆ శాఖ కిందే ఉండేవన్న సంగతి చాలామంది గమనించరు. గ్రేస్ ఇన్‌లో బారిస్టరై, బొంబాయి హైకోర్టులో ప్రాక్టీస్ చేసిన లాయరు చేతికి దేశంలోని నదుల ఫైళ్లు అలా వచ్చాయి.

అయితే ఆ ఫైళ్లతో కేంద్రం చేయగలిగింది తక్కువ. 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం నీరు, కాలువలు, ఆనకట్టలు ప్రావిన్సుల జాబితాలోనివి. ఒక ప్రావిన్సు మరోదానిపై ఫిర్యాదు చేస్తే గవర్నర్ జనరల్ కమిషన్ వేయాలి. సింధు నది విషయంలో పంజాబ్‌పై సింధ్ చేసిన ఫిర్యాదును బి.ఎన్.రావ్ కమిషన్ విచారించి 1942లో నివేదిక ఇచ్చింది. తర్వాత రాజ్యాంగ సలహాదారు అయింది ఈ బి.ఎన్.రావే. ఈ పద్ధతిలో గొడవ వచ్చాక తీర్పు దొరుకుతుంది. గొడవ రాకముందే నదిని మొత్తంగా చూసి ప్రణాళిక వేసే సంస్థ మాత్రం లేదు.

దామోదర్ వరద ఆ లోటును బయటపెట్టింది. 1943 జులైలో గట్టు తెగి బర్ద్వాన్ ప్రాంతం మునిగింది, రైలు మార్గం, గ్రాండ్ ట్రంక్ రోడ్డు తెగిపోయాయి. ఒకవైపు యుద్ధం, మరోవైపు బెంగాల్ కరవు, ఆ సమయంలో కలకత్తాకు ప్రధాన దారి మూసుకుపోయింది. బర్ద్వాన్ మహారాజా అధ్యక్షతన వేసిన విచారణ సంఘంలో శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా సభ్యుడు. అమెరికా టెన్నెస్సీ వ్యాలీ తరహా సంస్థ కావాలని ఆ సంఘం సూచించింది. అంటే ఆలోచన అంబేడ్కర్‌ది కాదు. ఆయనను ఏకైక పితామహుడిగా రాసే వ్యాసాలు సాహాకు అన్యాయం చేస్తున్నాయని నా అభిప్రాయం.

మరి ఆయన చేసిందేమిటి? నీరు కొండల్లో బిహార్‌ది, వరద మైదానంలో బెంగాల్‌ది. డ్యాం కడితే మునిగేది ఒకరి భూమి, లాభం మరొకరిది. ఖర్చు ఎవరు పెట్టాలి, కరెంటు ఎవరికి? 1945 జనవరిలో, మళ్లీ ఆగస్టులో ఆయన రెండు ప్రభుత్వాలనూ కలకత్తాలో ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇలా పక్షాలను ఒప్పించడం లాయరు పని. అదే ఏడాది నవంబరులో కటక్‌లో మహానది గురించి మాట్లాడుతూ ఆయన పాత ఇంజనీరింగ్ ధోరణినే ప్రశ్నించారు. వరద నీటిని శత్రువుగా చూసి గట్లు కట్టి తరిమేయడం తప్పని, జనాన్ని ఎక్కువగా బాధించేది నీటి కొరతేనని, నిల్వ చేసి సాగుకు, కరెంటుకు, పడవలకు వాడాలని వాదించారు. హిరాకుడ్‌కు దారి అక్కడ పడింది.

1945 ఏప్రిల్‌లో కేంద్ర జలమార్గ, నీటిపారుదల, నౌకాయాన కమిషన్ ఏర్పడింది. దాని అధ్యక్షుడు ఎ.ఎన్.ఖోస్లా. నేటి కేంద్ర జల సంఘానికి మూలం ఇదే. దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ చట్టం 1948లో వచ్చింది, అప్పటికి ఆయన న్యాయశాఖ మంత్రి.

ఫలితం అనుకున్నంత రాలేదు. టెన్నెస్సీ నుంచి వచ్చిన ఇంజనీరు వూర్డుయిన్ ఎనిమిది డ్యాములు సూచిస్తే కార్పొరేషన్ కట్టినవి నాలుగు: తిలైయా, కోనార్, మైథాన్, పంచేత్. ఊళ్లు వదిలి వెళ్లినవారి లెక్క నాటి చర్చల్లో పెద్దగా కనిపించదు. అంటరానివారి నీటి హక్కు కోసం పోరాడిన మనిషి ఫైళ్లలో కూడా ఆదివాసీ నిర్వాసితుల గొంతు పలుచగానే వినిపిస్తుంది. మెయిన్స్ జవాబులో ఈ విమర్శ ఉండాలి.

1949 సెప్టెంబరు 9న రాజ్యాంగ సభలో ఆయన 242-ఎ ప్రవేశపెట్టారు, నేటి ఆర్టికల్ 262 అదే. 1935 నాటి ఫిర్యాదు-కమిషన్ పద్ధతిని రాజ్యాంగంలోనే బిగించకుండా, ఏ యంత్రాంగం కావాలో పార్లమెంటు చట్టంతో నిర్ణయించుకునే వీలు ఉంచారు, సుప్రీంకోర్టు అధికార పరిధిని తప్పించే వీలు కూడా. నీరు రాష్ట్ర జాబితా 17వ అంశంగానే ఉంది, అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితా 56వ అంశమైంది.

వీటి నుంచి 1956లో రెండు చట్టాలు వచ్చాయి. వివాదాల చట్టం కింద 1969లో బచావత్ ట్రిబ్యునల్ కృష్ణా కేసు చేపట్టింది. నదీ బోర్డుల చట్టం కింద మాత్రం ఒక్క బోర్డూ ఏర్పడలేదు. ఇక్కడే ప్రిలిమ్స్‌లో మనవాళ్లు దొరికిపోతారు: కృష్ణా, గోదావరి యాజమాన్య బోర్డులు ఈ చట్టం కింద వచ్చినవి కావు, 2014 ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం సెక్షన్ 85 కింద వచ్చినవి.