పది గడపలు

ఆ పాస్టరు గారు తన సంఘాన్ని అడిగింది పది జంటలను. పదంటే పదే. ఆదివారం ఆరాధనకు వచ్చే తెల్లవాళ్లలో ఇష్టమున్న పది జంటలు, అదే నగరంలో, అదే లూథరన్ విశ్వాసంలో ఉన్న పది నల్లజాతి జంటలను కలవాలి. ఒకరి గడప ఒకరు తొక్కాలి, ఓ పూట కూర్చుని మాట్లాడుకోవాలి. ఆస్తిలో వాటా ఇమ్మనలేదు. వీధిలోకి వచ్చి జెండా పట్టమనలేదు. ఆ చిన్న కోరికే ఆయన్ను ఆ గుడికి దూరం చేసింది.

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం, మిస్సోరి నది ఒడ్డున ఒమాహా నగరం. అక్కడి అగస్టానా లూథరన్ సంఘానికి కాపరి విలియం యంగ్‌డాల్. 1965, 66 ప్రాంతంలో ఆ సంఘంలో జరిగినదంతా విలియం జెర్సీ, బార్బరా కానెల్ కెమెరాకెక్కించారు. ‘ఎ టైమ్ ఫర్ బర్నింగ్’ అని ఆ చిత్రానికి పేరు. వ్యాఖ్యానం చెప్పే గొంతు ఉండదు. మనుషులు మాట్లాడుకుంటూ ఉంటారు, మనం వింటూ ఉంటాం. గంట కూడా పట్టని చిత్రం. చివరికి ఏమవుతుందో తెలిసే చూస్తాను. అయినా, సంఘ పెద్దలు బల్ల చుట్టూ చేరిన ప్రతిసారీ, ఈసారైనా ఎవరో ఒకరు ‘సరే, మేం వెళ్తాం’ అంటారేమోనని నా గుండె పట్టుకుపోతుంది.

ఆ ఊరికి పాత గాయం ఉంది. 1919 సెప్టెంబరులో విల్ బ్రౌన్ అనే నల్లజాతి కూలీని మూక న్యాయస్థానం నుంచే లాక్కొచ్చి చంపింది. శవాన్ని తగలబెట్టింది. తర్వాత సినిమా నటుడైన హెన్రీ ఫోండా, పద్నాలుగేళ్ల పిల్లవాడిగా, తండ్రి ముద్రణాలయం కిటికీలోంచి ఆ ఘోరం చూశాడు. దక్షిణాది నుంచి వలసొచ్చి మాంసం కర్మాగారాల్లో, రైల్వేలో పనికి కుదిరిన నల్లజాతి కుటుంబాలకు నగరం ఉత్తరపు కొసన ఇరవై నాలుగో వీధి చుట్టుపక్కలే చోటు దక్కింది. ఆ వాడ పెరిగింది. గుళ్ల చుట్టూ ఇరుగుపొరుగు మారుతూ వచ్చింది. గుడి లోపలి వరసలు మాత్రం మారలేదు.

ఒకరినొకరు కలిసే తొలి అవకాశం పిల్లల చేతికొచ్చింది. హోప్ లూథరన్ అనే నల్లజాతి సంఘం నుంచి కొందరు కుర్రాళ్లు, అమ్మాయిలు ఓ ఆదివారం అగస్టానాకు ఆరాధనకు వచ్చారు. వాళ్లు చదివిందీ అదే వేదం, నేర్చిందీ అదే లూథరు బోధ. ఆ ఆదివారం దాటాక పెద్దల్లో కలవరం పుట్టింది. తర్వాత ఆ పిల్లలు తమలో తాము మాట్లాడుకుంటుంటే వినడం కష్టం. అంత చిన్న వయసులో అంత స్పష్టంగా మనుషుల్ని చదవాల్సి వచ్చిందే అనిపిస్తుంది.

రెండో అవకాశం ఓ మంగలి దుకాణంలో. అక్కడ ఎర్నీ ఛాంబర్స్ అనే యువకుడు జుట్టు కత్తిరిస్తూనే యంగ్‌డాల్ గారితో మాట్లాడతాడు. మీరు మాపై రుద్దినవన్నీ మైలపడ్డట్టే మీ యేసు కూడా మైలపడ్డాడంటాడు. పాస్టరు గారు వాదించరు. వింటారు. ఆ వినడంలో నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది. ఆ దుకాణంలో ఆయన పక్కన సంఘ పెద్దలు కూడా కూర్చుని ఉంటే!

వాళ్లు దుర్మార్గులు కారు. అదే ఈ కథలో కోలుకోలేని దుఃఖం. వాళ్లెవరూ ద్వేషంతో అరవలేదు. ఇది సమయం కాదన్నారు, తొందరపడితే జనం గుడి మానేస్తారన్నారు. ‘ఇప్పుడే వద్దు’ అన్న ఆ మెత్తని మాటతోనే పది జంటల ఆలోచన ఆగిపోయింది.

అక్కడ నాకు గుంటూరు గుర్తొస్తుంది. 1842లో అమెరికా లూథరన్లు పంపిన ఫాదర్ హేయర్ సముద్రాలు దాటి గుంటూరు చేరాడు. తెలుగు నేల మీద లూథరన్ సంఘాలకు అలా బీజం పడింది. సముద్రాలు దాటిన విశ్వాసం ఒమాహాలో నాలుగు వీధులు దాటలేకపోయింది. ఊరికీ వాడకీ నడుమ దూరమెంతో తెలిసిన మనకు ఇది పరాయి కథలా వినిపించదు.

ఒమాహాలో ఒక్క మనిషి మారాడు. ఆ పెద్దల్లో ఒకడు, మొదట్లో ఈ ఆలోచనకు అడ్డు చెప్పినవాడే. నెమ్మదిగా, కెమెరా ముందే, అతని మాట తడబడుతుంది. ముఖంలో కలత కనిపిస్తుంది. ఎందుకు వెళ్లకూడదని తనవాళ్లనే అడిగేదాకా వస్తాడు. వాళ్లు నివ్వెరపోతారు. కాపరి ఆశించింది సరిగ్గా ఇదే. కానీ అప్పటికే ఆలస్యమైంది. యంగ్‌డాల్ రాజీనామా చేశారు.

అదే నగరంలో, 1966 జూలై 4. నూట మూడు డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండ. ఇరవై నాలుగో వీధి, లేక్ వీధి కలిసే కూడలిలో యువకులకూ పోలీసులకూ ఘర్షణ మొదలైంది. చివరికి నేషనల్ గార్డు దిగింది. 1969లో పద్నాలుగేళ్ల నల్లజాతి బాలిక పోలీసు తూటాకు బలైంది, ఆ వీధి మళ్లీ తగలబడింది. ఛాంబర్స్ 1971 నుంచి నెబ్రాస్కా శాసనసభలో కూర్చుని తన వాడ కోసం దశాబ్దాలు పోట్లాడాడు. 2005లో ఆ చిత్రాన్ని అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారపు జాబితాలో చేర్చారు. అందులో ఆ పెద్దలు ఇప్పటికీ బల్ల చుట్టూ చేరుతారు. ఒకతను ఏదో చెప్పాలని నోరు తెరుస్తాడు.